పంటు మీద పెట్టిన అర్థం

మొన్న ఒక మధ్యాహ్నం భోజనమయ్యాక వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పక్క వాటా అమ్మాయి ఫోను చేత్తో పట్టుకుని వచ్చి గుమ్మం అవతలే నిలబడింది. తాటిపాకలో నేనుంటున్నది మూడు వాటాల ఇల్లు. ఆ అమ్మాయి భర్త గ్యాసు కంపెనీలో కాంట్రాక్టు పని చేస్తాడు, ఆమె తెలుగు పండితుల ఉద్యోగం కోసం డీఎస్సీకి చదువుకుంటోంది. నేను చాలా ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యానని, అంతకుముందు మా ఇల్లే ఒక సంస్కృత పాఠశాల అని ఆమెకు ఎవరో చెప్పారట.

"తాతగారండీ, తౄ అనే ధాతువుకి రెండర్థాలిచ్చేరండీ ఇందులో. ప్లవనం అని ఒకటి, తరణం అని ఒకటి. అంటే తేలడం, దాటడం. ఒక్కదానికి రెండెందుకండీ? తేలినవాళ్ళందరూ దాటేస్తారనేముందండీ?"

"పెద్దలు అలా చెప్పారమ్మా," అన్నాను నేను.

"ఆయ్," అంది ఆ అమ్మాయి, వెళ్ళిపోయింది.

మా వైపు ఈ "ఆయ్"కి ఉన్న ఛాయలు నా వయసు వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. ఒప్పుకున్నప్పుడు ఒక ఆయ్, విన్నానని చెప్పడానికి ఒక ఆయ్, ఈ పెద్దాయనకు తెలియదు కాబోలు, పోనీలే పాపం అని గౌరవంగా వెనక్కి తగ్గడానికి ఇంకొక ఆయ్. నాకు ఆ రోజు దక్కింది మూడోది. ఎవరో పరాయి ధాతువు గురించి అడిగి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు. ఆమె అడిగింది నా ధాతువు గురించి.

ఈ "నా ధాతువు" అన్న మాట ఇప్పటివాళ్ళకు వింతగా ఉంటుంది కాబట్టి మా ఇంటి పద్ధతి కొంచెం చెప్పాలి. రాజోలు తాలూకాలో, సఖినేటిపల్లి రేవుకు నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఉండేది మా ఊరు. మా ముత్తాతగారి ముందు నుంచీ మా వీధి అరుగు మీద సంస్కృతం చెప్పేవారు. చుట్టుపక్కల నుంచి వచ్చిన పిల్లలు తెల్లవారుతుండగానే వరసగా కూర్చుని ధాతువులు వల్లించేవారు. ధాతువు అంటే మాటకు విత్తనం లాంటిది. ఒక ధాతువు నుంచి క్రియలు, ఆ క్రియల నుంచి పేర్లు, ఇలా ఒక తోటంతా పుట్టుకొస్తుంది. అవి రెండు వేలకు దగ్గర. గోడకు ఆనుకోకుండా నిటారుగా కూర్చుని వల్లించాలి. ఆనుకుంటే తాతగారి చేతికర్ర వీపుకీ గోడకీ మధ్య దూరేది. ఆ అలవాటు చొప్పున ఈనాటికీ నేను కుర్చీలో వెనక్కి వాలను. చూసినవాళ్ళు ఈయనకింకా జమీందారీ పోలేదని నవ్వుకుంటారని నాకు తెలుసు. మాకు జమీందారీ ఎప్పుడూ లేదు, ఉన్నది ఆ నిటారుతనమే.

మొదటి ఏడాది అంతా వట్టి శబ్దమే. అర్థం అడగకూడదు, చెప్పకూడదు. ఏడాది నిండిన పిల్లవాణ్ణి ఒక మంచిరోజున తలంటి పోసి లోపలి నట్టింట్లో కూర్చోబెట్టి తాతగారు ధాతువులకు అర్థాలు చెప్పడం మొదలుపెట్టేవారు. ఆ రోజు గురువూ శిష్యుడూ ఒకే పంక్తిలో భోంచెయ్యాలి. అందుకే మా ఇంట్లో అర్థం చెప్పడం అనేవారు కాదు, అర్థం పెట్టడం అనేవారు, అన్నం పెట్టడం అన్నట్టుగా. ఆ భోజనమయ్యాక తాతగారు శిష్యుడికి ఒక ధాతువు ఇచ్చి, దానితోపాటు ఒక ప్రశ్న కూడా వేసేవారు. ఆ ధాతువు ఇక వాడిది. జవాబు పుస్తకాల్లో వెతకకూడదు, బతుకులో ఎక్కడ దొరికితే అక్కడ తెచ్చుకోవాలి.

పన్నెండో ఏట నాకు తౄ వచ్చింది. రెండు అర్థాలు ఎందుకున్నాయన్నది నా ప్రశ్న. నేను ఏడాదంతా తిరిగి ఒక నోటు పుస్తకం నిండా మాటలు పోగుచేశాను. తరి అంటే పడవ, తరణి అంటే పడవా, సూర్యుడూ. తరంగం ఇందులోదే. తీర్థం అంటే మొదట రేవేనని, దేవుడి దగ్గర పుచ్చుకునేది తర్వాత వచ్చిందని తెలిసి మురిసిపోయాను. దిగిరావడం అవతారమైంది, ఉన్నది ఇచ్చెయ్యడం వితరణ అయింది, మోసపుచ్చడం ప్రతారణ అయింది. ఒకే కడుపున పుట్టిన అన్నదమ్ముల్లో ఒకడు దాత, ఇంకొకడు దగాకోరు అయినట్టు! పుస్తకం తాతగారి ముందు పెడితే ఆయన పేజీలు తిప్పి, "మాటలు బాగానే తెచ్చావురా. జవాబు తేలేదు. అది దొరికిన రోజు రా," అని మూసేశారు. నాకు రోషం వచ్చింది. ఆ పుస్తకాన్ని అటక మీదకు విసిరేసి మళ్ళీ ఆ ప్రశ్న వైపు చూడలేదు.

తర్వాతి పదేళ్ళలో మా ఇల్లు కిందికి దిగింది. నాన్నగారి హయాంలో వ్యాజ్యాలు పట్టుకున్నాయి, పొలాలు పోయాయి, ఆ దిగులుతోనే నాన్నగారు పోయారు. పిల్లలు ఇంగ్లీషు బళ్ళకు వెళ్ళిపోయి అరుగు ఖాళీ అయింది. తాతగారికి శుక్లాలు కమ్మి చూపు మసకబారింది. ఇంట్లో తాతగారు, భర్త పోయి పుట్టింటికి చేరిన మేనత్త, ఇరవై మూడేళ్ళు వచ్చినా ఎక్కడా దరఖాస్తు పెట్టుకోవడానికి మనసొప్పని నేను, ముగ్గురమే మిగిలాం. పొలం గట్ల మీద పరాయివాళ్ళ పేరు చెప్పుకునే కొబ్బరి చెట్లను చూడలేక తాతగారు నాలుగేళ్ళపాటు వీధి దాటి అడుగు పెట్టలేదు.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం మా వీధి తలుపు దగ్గరకు ఒకాయన, ఒకమ్మాయి వచ్చారు. ఆయన మా పొలాల్లో చాలా ఏళ్ళు పాలేరుగా చేసిన మనిషి. ఆ అమ్మాయి ఆయన కూతురు, నాకంటే రెండేళ్ళు పెద్దది. వాళ్ళది క్రైస్తవ కుటుంబం, మిషను వాళ్ళ బళ్ళో చదువుకుని ఆమె నదికి అవతల, నరసాపురం వైపు ఒక బళ్ళో చిన్న తరగతులకు టీచరుగా తాత్కాలికంగా పనిచేస్తోంది. రోజూ పొద్దున్న రేవులో పంటు, అంటే మనుషుల్నీ సామాన్లనీ నది దాటించే పెద్ద పడవ, ఎక్కి అవతలికి వెళ్ళి సాయంత్రం తిరిగి వస్తుంది. ఆ బళ్ళో తెలుగు పండితుడి పోస్టు ఖాళీ అయింది. భాషాప్రవీణ పరీక్ష ప్యాసైతే ఆమెకే ఇస్తామన్నారు. అన్ని పేపర్లూ ప్యాసైంది కానీ సంస్కృతం పేపరు ఒకసారి తప్పింది. ఈ వేసవిలోనూ తప్పితే ఆ పోస్టులో ఇంకొకరిని వేసుకుంటారు, ఉన్న తాత్కాలికం పని కూడా పోతుంది. ఇంట్లో ఆమె వెనక ఇంకా ఐదుగురున్నారు.

"చదువడిగి వచ్చినవాళ్ళని వట్టిచేతులతో పంపడం మా ఇంట లేదమ్మా," అన్నారు తాతగారు. "నాకు అక్షరం కనబడదు. మావాడు చెబుతాడు."

మావాడు చెప్పాడు. ఎలా చెప్పాడో ఇప్పుడు నేను రాయవలసి ఉంది.

ఆమె బడి నుంచి నేరుగా గొడుగు, టిఫిను క్యారియరుతో వచ్చేది. నేను అరుగు మీద కూర్చునేవాణ్ణి, ఆమె కింది మెట్టు మీద కూర్చునేది. ఆ మెట్టు చూపించింది నేనే. రండి, కూర్చోండి అనడానికి నా నాలుక ఒప్పుకోదు; రా, కూర్చో అంటే లోపల నుంచి తాతగారు వింటారు. అందుకని మూడు నెలలపాటు నేను క్రియాపదమన్నది లేకుండా మాట్లాడాను. "ఆ, పాఠం." "నిన్నటిది." "ఇవాళ్టికింతే." క్రియలకు విత్తనాలు నేర్పే గురువు నోట ఒక్క క్రియ లేదు!

ఆమె మాత్రం గోదావరి వైపు ఆడవాళ్ళకుండే ఆ మర్యాదతో ప్రతి మాటకీ అండీ అనేది. ధాతువులు పట్టుకోవడంలో మా అరుగు మీద అంతకుముందు కూర్చున్న ఏ పిల్లవాడికీ తీసిపోదు. పంటు మీద వెళుతూ వస్తూ వల్లించుకునేదట, చేపల గంపల ఆడవాళ్ళు ఈ పంతులమ్మ ఏదో మంత్రం చదువుతోందని పక్కకు జరిగి చోటిచ్చేవారట. నెలన్నర తిరిగేసరికి సగానికి పైగా నోటికి వచ్చేశాయి. అప్పుడు ఒక రోజు మెల్లగా అడిగింది.

"అర్థాలెప్పుడు మొదలెడతారండీ?"

"ఏడాది నిండాక."

"పరీక్ష వైశాఖంలోనండీ."

"మా ఇంటి పద్ధతి."

"ఆయ్," అంది. అది విన్నానని చెప్పే ఆయ్. తలవంచుకుని మర్నాటి పాఠం మొదలుపెట్టింది. ఇంకో పది రోజులకు మళ్ళీ అడిగింది, మళ్ళీ అదే జవాబు చెప్పాను. మూడోసారి ఆమె అడగలేదు.

పద్ధతి నిజమే. నేను కల్పించింది కాదు. కానీ పరీక్షలో అడిగేది అర్థాలేనని నాకు తెలుసు, వట్టి శబ్దంతో ఆమె మళ్ళీ తప్పుతుందని తెలుసు, తప్పితే పని పోతుందని తెలుసు. ఇన్ని తెలిసీ పద్ధతి చాటున దాక్కున్నాను. భూమి పోయింది, తోటలు పోయాయి, మనుషులు పోయారు, మా ఇంటికి మిగిలిన ఆస్తల్లా ఆ అర్థాలే, అవి కూడా మా పాలేరు కూతురికి ఇచ్చేస్తే ఇక నేనెవణ్ణి అన్నది నా లోపలి మాట. దాన్ని ఆనాడు నాకు నేను కూడా చెప్పుకోలేదు. వితరణ, ప్రతారణ అని నోటు పుస్తకంలో పక్కపక్కన రాసుకున్నవాణ్ణి, ఆ రెంటిలో నేను చేస్తున్నది ఏదో గుర్తు పట్టలేదంటే నమ్మకండి. గుర్తు పట్టాను.

మా మేనత్తకు సంస్కృతం రాదు కానీ కళ్ళున్నాయి. ఒక పూట వడ్డిస్తూ, "ఏరా, ఆ పిల్లకి మూడు నెల్లుగా కొబ్బరికాయ చెవి దగ్గర ఊపి చప్పుడు వినిపిస్తున్నావు గానీ కొట్టి పెట్టవేంరా?" అంది. పక్కన తింటున్న తాతగారి చెయ్యి ఆగిపోయింది.

"ఒక్కదానికీ అర్థం పెట్టలేదా?"

"ఏడాది కాలేదు కదా తాతయ్యా. మన పద్ధతి. పైగా పెట్టాలంటే నట్టింట్లో పంక్తిలో..."

వాక్యం నేను పూర్తి చెయ్యలేదు, చెయ్యనక్కరలేకపోయింది. ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బావుండేది. ఆ పద్ధతి పెట్టినవాళ్ళు ఆయన పెద్దలు, నిలబెట్టినవాడు ఆయన, దాని వెనక నేను నిలబడి ఉన్నాను. ఆయన నన్ను కొట్టాలంటే ముందు దానికి తగులుతుంది. పెరుగన్నం వదిలేసి లేచిపోయారు. పరీక్షకు అప్పటికి పదమూడు రోజులుంది.

మర్నాడు పొద్దున్నే పైపంచ, చేతికర్ర తెమ్మన్నారు. ఎక్కడికి అని మేనత్త అడిగితే, రేవుకి అన్నారు. నాలుగేళ్ళుగా వీధి దాటని మనిషి! నేను గొడుగు పట్టుకుని వెనక నడిచాను. మా పాత పొలాల గట్టు మీదుగానే వెళ్ళాలి. అక్కడ పని చేసుకుంటున్నవాళ్ళు ఆయన్ని చూసి తలగుడ్డలు తీసి నిలబడ్డారు. ఆయనకు మసక చూపు కనుక అటు చూడలేదని నేను సరిపెట్టుకున్నాను గానీ, గట్టు మలుపుల్లో ఒక్క చోట కూడా కర్ర తడబడలేదు. ఆయన ఆ దారి అంతా చూసుకుంటూనే నడిచారు.

రేవులో పంటు కట్టేసి ఉంది. సైకిళ్ళు, గంపలు, అరటి గెలలు ఎక్కుతున్నాయి. ఆమె కమ్మీ పక్కన నిలబడి పెదవులు కదుపుతూ వల్లించుకుంటోంది. తాతగారిని చూసి గొడుగు జారవిడిచింది.

"అయ్యో, తమరు వచ్చేరేంటండీ!"

"అమ్మాయీ, మా నట్టింట్లో ఒక నియమం ఉంది. అది ఇంటికి. పంటుకి ఏ నియమమూ లేదు," అన్నారు ఆయన. కర్ర తాటించుకుంటూ బల్ల మీదుగా ఎక్కి ఆమె పక్కన నిలబడి, "ఊఁ, మొదటిది అను. అర్థం నేను పెడతాను," అన్నారు.

నన్ను రమ్మని పిలవలేదు, వద్దనీ అనలేదు. బల్ల మీద ఒక కాలు పెడితే చాలు. నేను పెట్టలేదు. పంటు కదిలిపోయింది.

అలా పదకొండు రోజులు జరిగింది. పొద్దున్న ఆమెతో పంటు మీద అవతలి ఒడ్డు దాకా వెళ్ళేవారు, అక్కడ దిగకుండా అదే పంటు మీద తిరిగి వచ్చేవారు. సాయంత్రం ఆమె వచ్చే వేళకు మళ్ళీ వెళ్ళి తీసుకొచ్చేవారు. నేను ఒడ్డున గొడుగు పట్టుకుని నిలబడి, నది మధ్య చిన్నదైపోతున్న ఆ రెండు ఆకారాలను చూస్తుండేవాణ్ణి. ఒకటి తెల్ల పంచె, ఒకటి నీలం చీర. చెయ్యెత్తి ఆయన నీళ్ళలో ఏదో చూపిస్తే ఆమె అటు వంగి చూడడం కనబడేది. ఒక్క మాటా వినబడేది కాదు. మూడో రోజో నాలుగో రోజో పంటు ఇవతలికి చేరగానే చేపల గంపతో దిగుతున్న ఒకావిడ రేవంతా వినబడేలా అంది.

"ఏవండోయ్ పంతులుగారూ! నిన్నా అంతే, ఇయ్యాలా అంతే. అవతలికెళ్ళి కాలు కింద పెట్టకుండా వచ్చేత్తన్నారు. పంటు మీద కాపరం పెట్టేరేంటండీ?"

"కాపరం కాదమ్మా, బడి పెట్టాను. చోటు చాల్లేదు, రేపు నువ్వా గంప కాస్త అవతల పెట్టుకో."

"అయితే నాకూ నేర్పుతారా ఏంటండీ?"

"వినబడే దూరంలోనే ఉన్నావుగా. నేర్చుకోకపోతే తప్పు నీదే."

రేవంతా నవ్వింది. తాతగారు కూడా నవ్వారు. మా అరుగు మీద ఆయన అలా నవ్వగా నేను చూసి ఎరగను.

ఆ ఎండల్లో తిరిగినందుకో, కాలం దగ్గర పడినందుకో, ఆషాఢంలో తాతగారు పోయారు. పరీక్ష ఫలితాలు ఆ తర్వాత వచ్చాయి. ఆమె ప్యాసైంది, పోస్టు నిలిచింది. ఒక సాయంత్రం మా వీధి తలుపు దగ్గరకు వచ్చి నిలబడింది. మెట్టు కూడా ఎక్కలేదు. తాతగారి గురించి నాలుగు మాటలన్నాక, "మీరేమైనా అడుగుతారేమోనని వచ్చేనండీ," అంది. నేను ఆమెను ఏం అడగాలి? అడిగేవాళ్ళు వాళ్ళు, చెప్పేవాళ్ళం మేము. "ఏమీ లేదు," అన్నాను. ఆమె ఆయ్ అని వెళ్ళిపోయింది.

తర్వాత ఇల్లు అమ్మేశాం. నేను చివరకు దరఖాస్తు పెట్టుకుని కె.గంగవరం వైపు ఒక బళ్ళో తెలుగు మాస్టరుగా చేరాను. ఆమె అవతలి ఒడ్డునే స్థిరపడి హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయింది. పదో తరగతి పేపర్లు దిద్దే చోట ఒకటి రెండుసార్లు ఎదురుపడ్డాం, నమస్కారాలు పెట్టుకున్నాం. యాభై ఏళ్ళు అలా గడిచాయి.

పక్క వాటా అమ్మాయి "ఆయ్" అని వెళ్ళిపోయిన మధ్యాహ్నం నాకు మొదటిసారి తట్టింది. తాతగారు నా ప్రశ్నకు జవాబు చెప్పకుండానే పోయారని నేననుకుంటున్నాను గానీ, పంటు మీద ఆ పదకొండు రోజుల్లో తౄ వచ్చి ఉంటుంది. రాకుండా ఎలా ఉంటుంది? అంటే ఆ జవాబు లోకంలో ఒక్కచోట ఉంది. నేను వెళ్ళి అడగాలి. ఫోను నెంబరు సంపాదించడం కష్టం కాదు, కానీ ఫోనులో అడగడం నేను చేసినదానికి చాలదనిపించింది. మర్నాడు ఇస్త్రీ పంచె కట్టుకుని ఆటోలో సఖినేటిపల్లి వెళ్ళి పంటు ఎక్కాను. ఇప్పుడు దాని మీద కార్లు, మోటారు సైకిళ్ళు, సెల్ఫీలు తీసుకునే కుర్రకారు. ఒకడు లేచి నాకు చోటివ్వబోతే వద్దని కమ్మీ పక్కనే నిలబడ్డాను.

ఆమె ఇల్లు కనుక్కోవడం తేలికైంది. రేవు దగ్గర కొట్లో పెద్ద టీచరుగారి ఇల్లంటే ముగ్గురు దారి చెప్పారు. తలుపు ఆవిడే తీసింది. జుట్టు పూర్తిగా నెరిసింది, కళ్ళజోడు మందం. నన్ను పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది.

"అయ్యో, బాబుగారా! లోపలికి రండి, రండి. గుమ్మంలో నిలబడిపోయేరేంటండీ?"

ఆ గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాను. ఆవిడ ముందు గదిలో కుర్చీ చూపించింది, నేను చూపించిన మెట్టు నాకు గుర్తొచ్చింది. కుశల ప్రశ్నలయ్యాయి, మంచినీళ్ళయ్యాయి. ఇక చెప్పాలి.

"టీచరుగారూ, మిమ్మల్ని ఒకటి అడగడానికి వచ్చాను. తౄ ధాతువుకి రెండర్థాలెందుకో మా తాతగారు మీకు చెప్పారా?"

ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. చాలాసేపు తుడిచింది.

"చెప్పేరండీ. మావాడు అడిగితే చెప్పమ్మా, అడక్కపోతే చెప్పకు అన్నారండీ. అందుకే ఆ రోజు మీ గుమ్మంలోకొచ్చి నిలబడ్డాను. తరవాత్తరవాత మీరు అడక్కపోతేనే మంచిదనిపించేది. అది మీకు కష్టంగా ఉంటుందేమోనండీ."

"చెప్పండి."

"ఆ రోజు పోటు మీదుందండీ నది. గుర్రపుడెక్క గుంపొకటి తేలుతూ ఎగువకి పోతోంది. సాయంత్రం వచ్చేప్పటికి ఆటుకి అదే గుంపు దిగువకి పోతోంది. తాతగారికి కళ్ళు ఆనవు కదండీ, నన్నడిగేరు, అది ఎటు పోతోందమ్మా అని. చెప్పేను. రోజంతా ప్రయాణమే గానీ ఏ ఒడ్డూ చేరలేదు చూశావా, అది మేమమ్మా అన్నారు. మూడు తరాలుగా తేలుతున్నాం అన్నారు. మనం నిలబడ్డ పంటు కూడా ఆ నీళ్ళ మీదే తేలుతోంది, కానీ దాటుతోంది, అన్నారండీ."

యాభై ఏళ్ళ కిందట ఈ మాట ఆవిడ చెప్పి ఉంటే నేను ఆ గుమ్మంలోనే ఆవిడను నానా మాటలూ అని ఉండేవాణ్ణి.

"ఇంకా ఉందండీ," అంది ఆవిడ కంగారుగా. "నాకు ఏడుపొచ్చి, అలా అనకండి అన్నాను. అప్పుడాయన నవ్వి, తేలడం తక్కువ పనేం కాదమ్మాయీ, మునగకుండా ఉండడమూ ఒక విద్యే. అన్నీ మునిగిపోయినా ఇదొక్కటీ మునగనివ్వకుండా నీ దాకా తెచ్చాం. ఇక్కణ్ణించి దాటించడం నీ వంతు. తేల్చినవాడు లేకపోతే దాటేవాడు లేడు, అందుకే ఒక్క ధాతువులో ఇద్దర్నీ పెట్టేరు అన్నారండీ."

బయట ఎవరో స్కూటరు ఆపి ఆవిణ్ణి పలకరించి వెళ్ళారు. ఆవిడ లోపలికి వెళ్ళి పళ్ళెంలో ఒక చక్కెరకేళి పండు తెచ్చింది. ఒక్కటే.

"ఆఖరి రోజున నా క్యారియరులో ఇదే ఉందండీ. అర్థం పెట్టేక పంక్తిలో తినాలి కదమ్మా, ఏముంది నీ దగ్గర అని అడిగేరు. పండయితే పరవాలేదు అని సగం తిని సగం నాకిచ్చేరు. ఆ పంటు మీద, అందరి ముందరా." ఆవిడ పండు ఒలిచి రెండు ముక్కలు చేసి ఒకటి నా చేతిలో పెట్టింది. "తమరికి అభ్యంతరం లేకపోతేనండీ."

తిన్నాను. తింటూ ఉండగా నా వీపు కుర్చీకి ఆనుకుని ఉన్న సంగతి గమనించాను. సర్దుకోవాలనిపించలేదు. మెట్టు గురించి, పద్ధతి గురించి నేను చెప్పవలసిన మాట అప్పుడు చెప్పాను. ఆవిడ విని, "నాకు తెలుసండీ," అంది. "పరీక్ష దగ్గరికొచ్చేక మీరు నా వైపు చూసి పాఠం చెప్పడం మానేసేరు. అప్పుడే తెలిసింది." క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు.

తిరుగు పంటు మీద నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాను. మా అరుగు ఉన్నచోట ఇప్పుడు ఎవరిదో డాబా ఉంది, దాని ముందు ఇనప గేటుంది. ధాతువులకు అర్థం కావాలంటే ఎవరూ ఏడాది ఆగక్కరలేదు, మెట్టు మీద కూర్చోనక్కరలేదు, వేలితో ఫోను మీద రాస్తే చాలు. అది మంచిదే. మా నట్టిల్లు చెయ్యలేని పని ఆ ఫోను చేసింది, అందరినీ రానిచ్చింది. కాకపోతే ఒక అర్థం చెప్పడానికి నాలుగేళ్ళ రోషాన్ని దిగమింగి, పోగొట్టుకున్న పొలాల మీదుగా కర్ర పొడుచుకుంటూ నడిచివచ్చే మనిషి ఇప్పుడు లేడు. ఆ మనిషి చెయ్యెత్తి చూపిస్తే వంగి చూడవలసినవాణ్ణి నేను. ఒడ్డున గొడుగు పట్టుకుని నిలబడ్డాను.

తాటిపాక చేరేసరికి మూడు దాటింది. పక్క వాటా తలుపు తట్టాను. ఆ అమ్మాయి కోచింగుకని అమలాపురం వెళ్ళిందని, సాయంత్రం బస్సుకు వస్తుందని ఆమె భర్త చెప్పాడు. వచ్చాక చెబుతాను లెండి, మీరు వెళ్ళి పడుకోండి అన్నాడు. అక్కరలేదన్నాను. దారిలో కొన్న రెండు చక్కెరకేళి పళ్ళు బల్ల మీద పెట్టి, లోపల ఉన్న రెండో కుర్చీ కూడా తెచ్చి వసారాలో నా కుర్చీకి ఎదురుగా వేసి కూర్చున్నాను. నేను ఒకరిని ఒక ఏడాది ఆగమన్నవాణ్ణి. సాయంత్రం బస్సు దాకా ఆగడం నాకేమీ కష్టమనిపించలేదు.